ఎలుక చావలేదంటే మనకీ ఏం కాదా? సేఫ్టీ డేటా షీట్‌లో జంతు పరీక్షల అంకెలు చదవడం ఎలా

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర. బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయి మా మామయ్య పురుగుమందుల కొట్టులో కూర్చుంటున్నాను. మిర్చికి కొత్తగా వచ్చిన ఒక మందు సేఫ్టీ డేటా షీట్ తీసి చూశాను. నోటి ద్వారా ఎల్‌డి50, ఆడ ఎలుక: 2000 మి.గ్రా./కిలో పైన. చర్మం ద్వారా ఎల్‌డి50, ఎలుక: 2000 పైన. శ్వాస ద్వారా ఎల్‌సి50, ఎలుక, 4 గంటలు: లీటరు గాలికి 2.3 మి.గ్రా. చర్మం ఇరిటేషన్, కుందేలు: లేదు. సెన్సిటైజేషన్, గినీ పిగ్: పాజిటివ్. 90 రోజుల పరీక్ష, కుక్క, నోయెల్: రోజుకి 5 మి.గ్రా./కిలో. రైతులు వచ్చి "ఇది ప్రమాదమా, కాదా" అని అడుగుతారు. ఎలుక చావలేదు కాబట్టి పర్లేదని చెప్పొచ్చా? 2000ని మన బరువుతో గుణిస్తే మనిషి లెక్క వస్తుందా? కొట్టులో ఒక బోర్డు రాయించాలని ఉంది.

జవాబు:

పర్లేదని చెప్పొద్దు, గుణించనూ వద్దు. ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను టాక్సికాలజీ ల్యాబుల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు విజయవాడలో ఉంటూ ఇలాంటి షీట్లు రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ సలహాలు ఇస్తుంటాను. ఈ పట్టిక చేతికిస్తే అందరి కళ్లూ మొదటి వరుస మీదే పడతాయి. వారానికోసారి చేలో మందు కొట్టే మనిషికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే వరుస కూడా అదే.

షీట్‌లో ప్రతి అంకె వెనకా నాలుగు సంగతులుంటాయి. ఏ జంతువు, మందు ఒంట్లోకి ఏ దారిన వెళ్లింది, ఎంతసేపు లేదా ఎన్నాళ్లు, చివరికి దేన్ని లెక్కపెట్టారు. ఈ నాలుగూ తీసేసి ఒట్టి 2000 అంటే దానికి అర్థం లేదు. "మా మందు 5000 సార్, వాళ్లది 450" అని సేల్స్ కుర్రాళ్లు చెబుతుంటారు చూడండి, అప్పుడు మీరు అడగాల్సినవి ఈ నాలుగే.

ఎల్‌డి50 అంటే మందు ఇచ్చిన జంతువుల్లో సగం చనిపోవడానికి లెక్కగట్టిన మోతాదు. శరీర బరువు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. అంకె చిన్నదయ్యేకొద్దీ విషం ఎక్కువ. మోనోక్రోటోఫాస్‌కి ఎలుకల్లో ఇది 20కి అటూ ఇటూ ఉంటుంది, వంటింటి ఉప్పుకి సుమారు 3000. 1927లో ట్రెవాన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ కొలత తెచ్చాడు. అప్పట్లో డిజిటాలిస్, ఇన్సులిన్ లాంటి వైద్యపు మందుల బలం బ్యాచికీ బ్యాచికీ మారిపోయేది. వాటిని ఒకదానితో ఒకటి పోల్చడానికి ఒక కొలబద్ద కావాల్సి వచ్చింది. అంతే గానీ "ఇంతవరకు తిన్నా ఏం కాదు" అని చెప్పడానికి పుట్టిన అంకె కాదు ఇది. ఉప్పుతోనే గుణించి చూడండి. 3000ని 60 కిలోలతో గుణిస్తే 180 గ్రాములు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు దాటొద్దంటుంది. చావుకీ జబ్బుకీ మధ్య ఎంత దూరముందో చూడండి, ఎల్‌డి50 ఆ దూరం గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఇక "2000 పైన" అన్న మాట. దీన్ని 2000 దాటితే చస్తుందని చదివేవాళ్లున్నారు. అది కాదు. దీన్ని లిమిట్ టెస్ట్ అంటారు. పెద్ద మోతాదు ఒకటి ఎంచుకుని కొద్ది జంతువులకి ఇస్తారు, చావులు లేకపోతే అక్కడితో ఆపేస్తారు. అసలు ఎల్‌డి50 ఎంతో ఎవరూ కనుక్కోలేదని దాని అర్థం. 2500 కావచ్చు, 20,000 కావచ్చు. కాబట్టి రెండు మందులకీ "2000 పైన" అని ఉంటే రెండూ సమానమని అనుకోకూడదు. పాత పద్ధతిలో ఒక్క మందుకి పదుల కొద్దీ ఎలుకలు చచ్చేవి. ఇలాంటి పరీక్షల పద్ధతులు ఖరారు చేసే దేశాల కూటమి ఓఈసీడీ ఆ 401 నంబరు పద్ధతిని 2002లో ఎత్తేసింది. ఇప్పుడు 420, 423, 425 అనే మూడు పద్ధతులు నడుస్తున్నాయి. 423లో మెట్టుకి మూడేసి జంతువులు, మోతాదులు 5, 50, 300, 2000. అందుకే కొత్త షీట్లలో నికరమైన అంకె బదులు ఏ అంతరంలో పడుతుందో మాత్రమే కనబడుతుంది. షీట్ రాసినవాళ్లు దాచారని కాదు, పరీక్షే అంతవరకు కొలుస్తుంది.

ఆడ ఎలుక అని ఎందుకు రాశారంటే, ఆడ మగల మధ్య తేడా ఉన్న చోట ఎక్కువగా ఆడవాటికే ముందు తగులుతుంది కాబట్టి ఆ పద్ధతుల్లో మామూలుగా ఆడవాటినే తీసుకుంటారు. ఎలుక అంటే మన గాదెల కింద తిరిగే పందికొక్కు కాదు లెండి. విస్టార్ అనో స్ప్రేగ్ డాలీ అనో పేరున్న తెల్ల ఎలుకలు, తరతరాలుగా ల్యాబులోనే పెరిగినవి.

పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే షీట్‌లోని మిగతా మాటలు కూడా అర్థమవుతాయి. రాత్రి మేత తీసేస్తారు. పొద్దున తూకం వేస్తారు, సుమారు 200 గ్రాములుంటుంది. అంటే 2000 మోతాదుకి ఒక్కోదానికి 400 మి.గ్రా. మందు. దాన్ని మొక్కజొన్న నూనెలోనో నీళ్లలోనో కలిపి, చివర గుండు ఉన్న సన్న గొట్టంతో తిన్నగా పొట్టలోకి పంపుతారు. దీన్ని గావేజ్ అంటారు. కలిపిన నూనెనో నీటినో వెహికల్ అని రాస్తారు. మొదటి అరగంట, ఆ తర్వాత మొదటి నాలుగు గంటలు మనిషి దగ్గరే కూర్చుని చూస్తాడు, ఆపైన 14 రోజులు రోజూ. రిపోర్టులో క్లినికల్ సైన్స్, అంటే జంతువులో కంటికి కనబడిన లక్షణాలు, అనే భాగం ఉంటుంది. నన్నడిగితే అంకె కన్నా ముందు చదవాల్సింది అది. పైలోఎరెక్షన్ అంటే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. హంచ్‌డ్ పోస్చర్ అంటే నడుం వంచి ముడుచుకుని కూర్చుంది. అటాక్సియా అంటే నడక తూలుతోంది. మారిబండ్ అంటే చావుకి దగ్గర పడింది. క్రోమోడాక్రియోరియా అని ఒక నోరు తిరగని మాట ఉంటుంది. ఎలుక కళ్ల చుట్టూ ఎర్రటి చెమ్మ. చూసినవాళ్లు రక్తమనుకుని హడలిపోతారు, కానీ రక్తం కాదు. కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే రంగు పదార్థం అది. ఒంట్లో బాగాలేని ఎలుక, భయపడిన ఎలుక కూడా అలా ఎర్రగా కారుస్తుంది.

ఇప్పుడు రెండు మందులు చూడండి. రెండిటికీ "2000 పైన". ఒకదాని ఎలుకలు గంటలో మామూలుగా తిరిగాయి. రెండోదాని ఎలుకలు వణుకుతూ చొంగ కారుస్తూ మూడు రోజులు మేత ముట్టలేదు, తర్వాత తేరుకున్నాయి. షీట్‌లో రెండూ ఒకటే వరుసలా కనబడతాయి. వణుకు, చొంగ, కంటిపాప కుంచించుకుపోవడం అని రాసి ఉంటే అది నరాల మీద పనిచేసే మందేమోనని అనుమానించాలి. ఆర్గానోఫాస్ఫేట్ మందులు కొట్టి చేలోనే పడిపోయిన మనిషిలో డాక్టర్లు చూసే లక్షణాలు కూడా అవే.

ఎలుక ఎంతవరకు మనిషికి బదులు నిలుస్తుంది? చాలావరకు నిలుస్తుంది, కొన్నిచోట్ల ఘోరంగా తప్పుతుంది. ఎలుకకి వాంతి చేసుకోవడం చేతకాదు. మన డెల్టా వరి చేలల్లో ఎరలో పెట్టే జింక్ ఫాస్ఫైడ్ వాటి మీద అంత బాగా పనిచేయడానికి అదొక కారణం. కుక్కయితే కక్కేసుకుంటుంది. అంటే ఒకే మోతాదు మింగినా లోపల మిగిలేది వేరు. డయాక్సిన్లు అనే కాలుష్య విషాల్లో అన్నిటికన్నా విషమైన టీసీడీడీ సంగతి ఇంకా విచిత్రం. గినీ పిగ్‌కి కిలోకి ఒక మైక్రోగ్రాము దగ్గర్లోనే చావు, హ్యామ్‌స్టర్‌కి అంతకు వెయ్యి రెట్లకి పైగా కావాలి. రెండూ చూడ్డానికి ఒకలాంటి జంతువులే. గర్భిణులు థాలిడోమైడ్ అనే మాత్ర వేసుకుంటే పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. 1961లో బయటపడిన ఆ ఘోరంలో ఎలుకలు పెద్దగా హెచ్చరించలేదు, తెల్ల కుందేళ్ల పిల్లల్లో మాత్రం అవయవ లోపాలు కనబడ్డాయి. గర్భస్థ శిశువు మీద ప్రభావం చూసే పరీక్షలు ఎలుకల్లోనూ కుందేళ్లలోనూ రెండింట్లో చేయడం అప్పటి నుంచి మామూలైంది. మీ షీట్‌లో డెవలప్‌మెంటల్ టాక్సిసిటీ అన్న వరుసలో కుందేలు పేరు కనబడితే దాని వెనక ఉన్న కథ ఇదే.

మీ కొట్టుకి వచ్చేవాళ్లు చూసేది షీట్ కాదు, డబ్బా మీది రంగు. దాన్ని త్రికోణం అంటాం గానీ అది మూల మీద నిలబెట్టిన చదరం. పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు. 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం నోటి ఎల్‌డి50 1 నుంచి 50 అయితే ఎరుపు, 51 నుంచి 500 పసుపు, 501 నుంచి 5000 నీలం, 5000 దాటితే ఆకుపచ్చ. చర్మం ద్వారా అయితే 200 వరకు ఎరుపు, 2000 వరకు పసుపు, 20,000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. ఆకుపచ్చకి కూడా రూల్స్‌లో పెట్టిన పేరు "స్వల్పంగా విషపూరితం". సురక్షితం అనే రంగు ఆ పట్టికలో లేనే లేదు. ఇంకో సంగతి గమనించారా? రంగు నిర్ణయించేది నోటి అంకె, చర్మం అంకె మాత్రమే. ఊపిరితో లోపలికి వెళ్తే ఏమవుతుంది, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలితే ఏమవుతుంది, ఈ రెండూ ఆ లెక్కలోకి రావు.

ఇందుకు మాంకోజెబ్ కన్నా మంచి ఉదాహరణ లేదు. మన మిరప చేలల్లో తెగుళ్లకి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. ఎలుకల్లో నోటి ఎల్‌డి50 5000 పైన, ప్యాకెట్ మీద ఆకుపచ్చ. అదే మాంకోజెబ్‌కి యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో అనుమతి పొడిగించడానికి ఒప్పుకోలేదు. సంతానోత్పత్తికి హాని, హార్మోన్ల వ్యవస్థ మీద ప్రభావం అందుకు చూపిన కారణాల్లో ముఖ్యమైనవి. అది విడిపోయినప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం పుడుతుంది. దాన్ని ఎలుకలకి ఎక్కువ కాలం పెడితే థైరాయిడ్ గ్రంథి దెబ్బతిని కణితులు వస్తాయి. ఒక్కరోజు ఒక్కసారి పెట్టి 14 రోజులు చూసే పరీక్షకి ఇదంతా ఎలా తెలుస్తుంది?

ఇటువైపు ఇంకో జత. క్లోర్‌పైరిఫాస్, పారాక్వాట్. ఎలుకల్లో రెండింటి అంకెలూ 150 చుట్టుపక్కలే, రెండూ పసుపు పరిధిలోనివే. కానీ క్లోర్‌పైరిఫాస్ విషమెక్కితే ఆస్పత్రిలో అట్రోపిన్ ఉంటుంది, వైద్యానికి ఒక దారి ఉంది. పారాక్వాట్‌కి విరుగుడు లేదు. ఊపిరితిత్తులు రోజుల తరబడి గట్టిపడుతూ పోతాయి. అంకె ఒకటే, మనిషికి జరిగేది మాత్రం వేర్వేరు. ఏ డబ్బా అయినా అమ్మేటప్పుడు లేబుల్ మీద విరుగుడు వరుసలో ఏం రాశారో మీరు ఒకసారి చదివి పెట్టుకోండి. ఆ డబ్బాతోనే మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లమని రైతుకి చెప్పండి.

ఇప్పుడు మీ మందు దగ్గరికి వస్తాను. నోటి అంకె 2000 పైన అయినా, శ్వాస వరుసలో 2.3 ఉంది. రసాయనాల ప్రమాదాన్ని వర్గాలుగా విడగొట్టే అంతర్జాతీయ జీహెచ్‌ఎస్ పద్ధతిలో తుంపరలకీ దుమ్ముకీ 1 నుంచి 5 మధ్య పడితే నాలుగో వర్గం, అంటే "పీల్చితే హాని". ఎల్‌సి50లో సి అంటే గాలిలోనో నీటిలోనో ఉన్న గాఢత. అందుకే దాని పక్కన ఎన్ని గంటలో రాయకపోతే ఆ అంకె చెల్లదు. మీ షీట్‌లో 4 గంటలని ఉంది, సరైనదే. ఈ పరీక్షలో తుంపరలని 1 నుంచి 4 మైక్రాన్ల సైజుకి తీసుకొస్తారు, ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్లాలని. చేతి పంపుతో కొడితే పడే తుంపర దానికన్నా చాలా పెద్దది, ఎక్కువ భాగం ముక్కులో గొంతులోనే ఆగిపోతుంది. కాబట్టి ల్యాబు పరీక్ష మన చేను కన్నా కఠినం. అలాగని నిశ్చింతగా ఉండకండి. గాలితో మంచులా చిమ్మే పవర్ స్ప్రేయర్లలో తుంపర సన్నబడుతుంది. తైవాన్ స్ప్రేయర్ పట్టుకుని గాలికి ఎదురు నడిచే కుర్రాడికి మొదటి వరుసలోని 2000 వల్ల ఒరిగేదేమీ లేదు, మూడో వరుసలోని 2.3 మాత్రం మాస్కు పెట్టుకోమంటోంది. పెట్టుకోవాల్సింది మాస్కే, తలకి చుట్టిన తువ్వాలు కాదు.

చర్మం వరుసకి కూడా కొంత వివరం కావాలి. ఎలుక వీపు మీద వెంట్రుకలు తీసి, ఒంటి ఉపరితలంలో పదో వంతు మేర మందు రాసి, కట్టు కట్టి 24 గంటలు ఉంచుతారు, తర్వాత కడిగేస్తారు. ఏసీ గదిలో, చెమట లేని ఎలుక. మన దగ్గర చైత్రం దాటాక చేలో మనిషి సంగతి మీకు తెలియంది కాదు. చొక్కా చెమటతోనూ మందుతోనూ తడిసి ఒంటికి అతుక్కుని ఉంటుంది. వేడికి చర్మంలో రక్తప్రసరణ పెరిగి మందు లోపలికి పోవడం కూడా పెరుగుతుంది. కాకపోతే ఎలుక చర్మం, కుందేలు చర్మం మన చర్మం కన్నా సాధారణంగా ఎక్కువ పీల్చుకుంటాయి, అది కొంతవరకు మనకి అనుకూలం. ఒకటి ఇటు లాగితే ఒకటి అటు లాగుతుంది.

ఇరిటేషన్ వరుస మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. కుందేలు చర్మం మీద 4 గంటలు ఉంచి, తీసేశాక 1, 24, 48, 72 గంటలకి ఎరుపుకీ వాపుకీ 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. "లేదు" అంటే సగటు మార్కులు హద్దు దాటలేదని, అసలేమీ కనబడలేదని కాదు. కంటి పరీక్షని 1944 నాటి డ్రెయిజ్ పద్ధతి అంటారు. ఇప్పుడు ముందు జంతువు లేని పరీక్షలు చేసి, తప్పనిసరైతేనే కుందేలు దాకా వెళ్తున్నారు.

సెన్సిటైజేషన్ పాజిటివ్ అన్నది మాత్రం వదిలేయకండి. మీ షీట్ మొత్తంలో నన్ను ఆపిన మాటల్లో ఇదొకటి. ఇరిటేషన్ మొదటిసారే మండిస్తుంది. సెన్సిటైజర్ మొదటిసారి ఏమీ చేయదు, ఒంటికి ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకోవడం నేర్పుతుంది. అందుకే గినీ పిగ్‌కి మొదట కొన్నాళ్లు అలవాటు చేసి, మధ్యలో విరామం ఇచ్చి, మళ్లీ కొద్దిగా తాకించి చూస్తారు. ఒకసారి ఎలర్జీ వచ్చిన మనిషికి తర్వాత చాలా తక్కువ తగిలినా దద్దుర్లే. మన మిరప చేలల్లో దీనికి ఇంకో చిక్కుంది. కోతలకి వచ్చే ఆడవాళ్లు చేతులు మండితే మిరపకాయ ఘాటు అనుకుని ఊరుకుంటారు. కాయ మంట అదే రోజు వచ్చి కొన్ని గంటల్లోనో మర్నాటికో తగ్గుతుంది. మందు ఎలర్జీ ఒకటి రెండు రోజుల తర్వాత దురదతో, పొక్కులతో మొదలై, ప్రతి కోతకీ ముదురుతుంది. మందు కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది. అది గడవకుండా చేలోకి కూలీలని దింపకూడదని మీ బోర్డు మీద తప్పకుండా రాయండి.

అసలైన వరుస చివర్లో ఉంది. నోయెల్, లోయెల్. కొన్ని గుంపుల జంతువులకి వేర్వేరు మోతాదులు రోజూ ఇస్తూ పోతారు. ఏ హానీ కనబడని మోతాదుల్లో అన్నిటికన్నా పెద్దది నోయెల్. హాని కనబడిన వాటిలో అన్నిటికన్నా చిన్నది లోయెల్. ఇక్కడ లెక్కపెట్టేది చావు కాదు. కాలేయం బరువు, రక్తంలో మార్పులు, బరువు పెరగకపోవడం, సూక్ష్మదర్శిని కింద కణజాలం. ఒక మెలిక ఉంది. మోతాదులు 5, 25, 125 అని పెట్టుకుని, 25లో హాని కనబడితే నోయెల్ 5 అవుతుంది. అసలు హద్దు 6 కావచ్చు, 24 కావచ్చు. 15 కూడా పెట్టి ఉంటే అంకె మారిపోయేదేమో. అంటే నోయెల్ కొంతవరకు పరీక్ష రాసుకున్నవాడి చేతిలో ఉంటుంది. ఈ లోపం పూడ్చడానికే ఈ మధ్య అన్ని మోతాదుల ఫలితాలనీ కలిపి హద్దు అంచనా వేసే బెంచ్‌మార్క్ డోస్ అనే లెక్క వాడుతున్నారు.

కొన్ని షీట్లలో మోతాదు బదులు "మేతలో 200 పీపీఎం" అని ఉంటుంది, అంటే కిలో మేతలో 200 మి.గ్రా. మందు. దాన్ని మార్చుకోవడానికి గుర్తుపెట్టుకోండి. పెద్ద ఎలుక అయితే 0.05తో, కుక్క అయితే 0.025తో గుణించాలి. ఎలుకకి అది రోజుకి 10 మి.గ్రా./కిలో, కుక్కకి 5. మేతలో అంకె ఒకటే అయినా ఒంటికి చేరేది రెట్టింపు తేడా.

మీ షీట్‌లోని 5ని ఇప్పుడు మనిషికి మారుద్దాం. జంతువుకీ మనిషికీ మధ్య తేడాకి పది, మనిషికీ మనిషికీ మధ్య తేడాకి పది, మొత్తం వందతో భాగించడం 1950ల నుంచి వస్తున్న ఆనవాయితీ. తిండిలో జీవితాంతం రోజూ తినదగ్గ హద్దు, అంటే ఏడీఐ, లెక్కగట్టేది ఎక్కువగా ఏళ్ల తరబడి చేసిన పరీక్షల నుంచి. మందు కొట్టేవాళ్ల హద్దుకి ఎక్కువగా 90 రోజుల పరీక్షే ఆధారం. 5ని వందతో భాగిస్తే 0.05. అరవై కిలోల మనిషికి రోజుకి 3 మి.గ్రా.

ఈ 3 మి.గ్రా. ఎంతో చూడండి. ట్యాంకులో లీటరుకి ఒక గ్రాము అసలు మందు ఉందనుకుంటే, 3 మి.లీ. ద్రావణంలోనే అంత ఉంటుంది. ట్యాంకు కారి భుజం తడిస్తే అంతకు ఎన్నో రెట్లు ఒంటికి తగులుతుంది. తగిలిందంతా లోపలికి పోదు, చాలా మందుల్లో చిన్న భాగమే పోతుంది. సరే. డబ్బాలో ఉన్న చిక్కటి మందు సంగతి? అది 25 శాతం అనుకోండి, ఒక్క చుక్కలో 12 మి.గ్రా. పైన ఉంటుంది. మూత విప్పి, ఆ మూతతోనే కొలిచి, డ్రమ్ములో పోసి, చేత్తో కలిపే ఆ రెండు నిమిషాలు రోజంతా కొట్టినదాని కన్నా ప్రమాదం కావచ్చు. మనవాళ్లు కొట్టేటప్పుడు ముఖానికి గుడ్డ కట్టుకుంటారు, కలిపేటప్పుడు మాత్రం ఒట్టి చేతులు. "2000 పైన" అన్న వరుస చదివి ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేరు, కుక్క వరుస చదివితే రెండు లైన్ల లెక్క.

అందుకే బోర్డు మీద ఎలుక ఊసే ఎత్తొద్దు. ఎల్‌డి50 అంకెలు రాస్తే రైతు వాటిని ధరల్లా చదువుతాడు, పెద్దది మంచిదనుకుంటాడు. కలిపేటప్పుడు రబ్బరు తొడుగులు, కొట్టేటప్పుడు మాస్కు, తడిసిన చొక్కా వెంటనే విప్పి కడుక్కోవడం, కోతకి ఆగాల్సిన రోజులు. ఈ నాలుగు పెద్దక్షరాల్లో రాయించండి, చాలు.

షీట్ కింది భాగంలో చేపలు, తేనెటీగలు అని ఉంటుంది, దాన్ని కూడా చదవండి. మనిషికి మెత్తనిది అక్కడ కఠినంగా ఉండొచ్చు. లామ్డా సైహలోత్రిన్ లాంటి పైరిత్రాయిడ్లు చేపలకి లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము లోపే చావు. నల్ల తామర పురుగుకి ఈ మధ్య ఎక్కువగా కొడుతున్న స్పైనెటోరామ్ ఎలుకల్లో 5000 పైన, తేనెటీగలకి మాత్రం పరమ విషం. కొమ్మమూరు కాలవలో పంపు కడిగేవాళ్లకి ఎలుక వరుస చూపించి ఏం లాభం?

ఒకే మందుకి రెండు కంపెనీల షీట్లలో అంకెలు వేరుగా ఉంటే కంగారు పడకండి. పెర్మెత్రిన్‌కి ఎలుకల్లో నోటి ఎల్‌డి50 430 నుంచి 4000 వరకు ఉంది. నూనెలో కలిపి ఇచ్చారా, నీళ్లలోనా అన్నదే అందులో పెద్ద తేడా. అలాంటప్పుడు వెహికల్ ఏది, పరీక్ష ఏ ఓఈసీడీ నంబరు కింద చేశారు, పరీక్షించింది అసలు టెక్నికల్ మందునా డబ్బాలో అమ్మే ఫార్ములేషన్‌నా అని కంపెనీని అడగండి. మీ మందుకి కూడా ఈ మూడో ప్రశ్న అడిగి తీరాలి. ద్రావకం వల్ల ఫార్ములేషన్ ఎక్కువ మండొచ్చు.

ఏ షీట్‌లోనూ లేనివి రెండున్నాయి. మొదటిది, రైతు డ్రమ్ములో రెండు మూడు మందులు, పైన ఒక టానిక్కు కలిపి తయారుచేసేది. దాన్ని ఎవరూ ఎలుకకి పెట్టి చూడలేదు. ఆర్గానోఫాస్ఫేట్లలో ఒకటి ఇంకోదాని విషాన్ని ఒంట్లో విరగ్గొట్టనివ్వకుండా పెంచడం 1950ల నుంచే తెలిసిన విషయం. రెండోది పాడైన మందు. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా నివారణకి మలాథియాన్ కొట్టిన 7500 మందిలో సుమారు 2800 మంది విషం బారిన పడ్డారు, ఐదుగురు చనిపోయారు. మలాథియాన్ మన లెక్కలో నీలం. అక్కడ వాడిన సరుకులో ఐసోమలాథియాన్ అనే మలినం పెరిగిపోయి ఉంది. నిల్వలో అది పెరుగుతుంది, వేడికి ఇంకా తొందరగా. షీట్‌లోని అంకె శుద్ధమైన తాజా పదార్థానిది. మీ రేకుల గోడౌన్‌లో రెండు వేసవులు గడిపిన డబ్బాది కాదు. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం లోపల థర్మామీటరు పెట్టి, లేబుల్ మీద నిల్వ గురించి రాసినదానితో సరిచూడండి. గడువు దాటిన డబ్బాలుంటే మామయ్య గారు తక్కువ ధరకి ఇచ్చేద్దామన్నా ఒప్పుకోకుండా కంపెనీకే తిప్పి పంపండి.